వైఫైకీ కావాలి... గొలుసుకట్టు!

నెలనెలా బిల్లు కడుతున్నాం. ప్లాను పెద్దదే. హాల్లో బొమ్మ పరుగులు పెడుతుంది. గది మారితే చాలు... గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. తప్పు ఎవరిది? నెట్‌వాళ్లదా, డబ్బాదా, ఇంటి గోడలదా? ఉన్న మోడెమ్ని తీసేయకుండానే ఇల్లంతా వైఫై పారించే మార్గం ఒకటుంది. దాని పేరు మెష్.

ఆదివారం రాత్రి తొమ్మిది దాటింది. హన్మకొండలో ఓ మేడిల్లు. కింది పోర్షన్‌లో మెట్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫోన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని కూర్చుంది నాయనమ్మ. అవతల డాలస్ నుంచి మనవరాలు. అక్కడ అప్పుడే పొద్దున కాఫీల వేళ. 'ఇగో నాయనమ్మా, ఇది చూడు...' అంటూ ఏదో చూపించబోయింది. అంతే! బొమ్మ బిగుసుకుపోయింది. నోరు తెరిచే ఉంది, మాట మాత్రం లేదు.

'ఇనవడ్తలేదు బిడ్డా... మల్ల చెయ్' అంటూ నాయనమ్మ కుర్చీని ఇంకో అడుగు మెట్ల వైపు జరుపుకుంది.

ఆమె గది వెనక వైపు ఉంటుంది. మంచం, ఫ్యాను, మోకాళ్లకు రాసుకునే నూనె సీసా అన్నీ అక్కడే. వైఫై ఒక్కటే అక్కడికి రాదు. నెట్ తీగ కరెంటు స్తంభం మీంచి నేరుగా మేడ మీదికి వచ్చింది. బిగించడానికి వచ్చిన కుర్రాడు దగ్గర్లో కనిపించిన గోడకు డబ్బా తగిలించి వెళ్లిపోయాడు. అది కొడుకు గది. అక్కడి నుంచి మెట్ల సందులోంచి జారి కిందికి వచ్చే ఆ కాస్త సిగ్నల్ కోసమే ఈ కుర్చీ కొలువు.

ఇది ఏ ఒక్కరింటి కథో కాదు. సుబేదారిలో, నక్కలగుట్టలో, కాజీపేటలో, ఆ మాటకొస్తే మేడ ఉన్న ప్రతి వీధిలో ఇలాంటి కుర్చీ ఒకటి ఉంటుంది. కొన్ని ఇళ్లలో అది కుర్చీ కాదు, బాల్కనీ పిట్టగోడ. కొన్నిచోట్ల ఆన్‌లైన్ మాక్ టెస్టు రాసుకునే పిల్లాడు పుస్తకాలన్నీ మోసుకొచ్చి హాల్లో టీవీ ముందు కూర్చోవడం!

వెంటనే అందరికీ తట్టే ఆలోచన ఒకటే... 'ప్లాను పెంచుదాం'. వందను మూడొందలు చేయిస్తారు. పైగదిలో వేగం పెరుగుతుంది. కింద వెనకగదిలో? ఎప్పటిలాగే సున్నా. పొలానికి నీళ్లు పారట్లేదంటే ప్రతిసారీ చెరువులో నీళ్లు తక్కువైనట్టు కాదు కదా... మధ్యలో కాలువ లేకపోయినా అంతే.

డబ్బా ఒకటి... అవసరాలు పది

మన దేశంలో బ్రాడ్‌బ్యాండూ, ఇంటి వైఫై రెండూ దాదాపు కలిసే నడక మొదలుపెట్టాయి. 2004 చివర్లో వచ్చిన కేంద్ర బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్ ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ 'డేటావన్' వచ్చింది. అదే నెలలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవచ్చని కేంద్రం ప్రకటించింది. వైఫై నడిచేది ప్రధానంగా వాటి మీదే. అప్పట్లో ఇంటికో కంప్యూటరు, అదీ హాల్లో ఓ మూల బల్ల మీద. ఫోను తీగ వచ్చేదీ అక్కడికే. మోడెమ్ పక్కనే కంప్యూటరు, కంప్యూటర్ ముందే మనిషి. గోడలతో పనేముంది? ఎంసెట్ ఫలితాలొచ్చిన రోజున మాత్రం చౌరస్తాల్లోని నెట్ సెంటర్ల ముందు క్యూలు ఉండనే ఉండేవి.

తర్వాత ఫోన్లొచ్చాయి, టీవీలు తెలివి మీరాయి, గుమ్మానికి కెమెరాలు వచ్చి కూర్చున్నాయి. అయినా డబ్బా మాత్రం ఒక్కటే. అసలు ఒత్తిడి తెలిసింది 2020లో. ఆ ఏడాది జనవరిలోనే మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు తెరుచుకున్నాయి. మన ఊళ్లోనే ఐటీ కొలువు అని సంబరపడేలోపు మార్చిలో లాక్‌డౌన్ వచ్చిపడింది. ఆఫీసు ఇంటికొచ్చింది. సెప్టెంబరు 1 నుంచి సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడులు, కాలేజీలు అప్పటికే ఫోన్లలోకి ఎక్కేశాయి. ఒకే ఇంట్లో ఒకే వేళకు ఒకరికి మీటింగు, ఒకరికి లెక్కల క్లాసు, మరొకరికి సీరియల్. ఇంట్లో ఏ గదిలో సిగ్నల్ వస్తుందో, ఏ గదిలో రాదో జనానికి కచ్చితంగా తెలిసొచ్చింది అప్పుడే.

గోడలకు చెవులుంటాయి... నోరుండదు!

వైఫై అంటే రేడియో తరంగమే. ఖాళీ జాగాలో హాయిగా సాగిపోతుంది. అడ్డు తగిలిన ప్రతిసారీ కొంత కోల్పోతుంది. ఎంత కోల్పోతుందన్నది ఆ అడ్డు దేనితో చేశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. చెక్క తలుపు, ప్లైవుడ్ లాంటివాటితో పెద్ద ఇబ్బంది లేదు. నాలుగున్నర ఇంచుల గోడనూ దాటగలదు. తొమ్మిదించుల ఇటుక గోడ దగ్గర నీరసపడుతుంది. రెండు దాటాల్సొస్తే ఇక కష్టమే. పాతబడిన ఇళ్లలోని మందపాటి మట్టిగోడలూ అంతే.

అన్నిటికన్నా మొండిది శ్లాబు. అందులో కాంక్రీటు మాత్రమే కాదు, జల్లెడలా అల్లిన ఇనుప చువ్వలున్నాయి. ఇనుము రేడియో తరంగాన్ని వెనక్కి కొడుతుంది. అందుకే మేడ మీద డబ్బా ఉంటే, సరిగ్గా దాని కింద ఉన్న గదిలో కూడా సిగ్నల్ బలహీనంగా ఉంటుంది... దూరం చూస్తే పదడుగులే! మెట్ల దగ్గర శ్లాబుకు ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి కాస్త దిగుతుంది. కుర్చీని అక్కడ వేసుకోవాలని నాయనమ్మకు ఏ ఇంజినీరూ చెప్పలేదు. ఆమే కనిపెట్టింది!

ఇనుప బీరువా, నిలువుటద్దం, చేపల తొట్టి, నీళ్ల ట్యాంకు... ఇవన్నీ కూడా అడ్డంకులే. నీళ్లు తరంగాలను పీల్చుకుంటాయి. నడుస్తున్నంతసేపూ మైక్రోవేవ్ ఓవెన్ 2.4 గిగాహెర్ట్జ్ మీద గోల చేస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ఇప్పటి డబ్బాలు రెండు రకాల తరంగాలను పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ది నెమ్మది నడక, కానీ గోడల్ని కాస్త ఓర్చుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్‌ది పరుగు... గోడ కనిపిస్తే చతికిలబడుతుంది. డబ్బా పక్కన వేగం చూసి మురిసిపోయి, పక్క గదిలోకి వెళ్లేసరికి నీరుగారిపోవడానికి కారణం ఇదే.

ముందు... పైసా ఖర్చులేని పని

మెష్ కొనేముందు ఓ పావుగంట పరీక్ష చేయాలి. ఫోన్ తీసుకుని డబ్బాకు ఆరడుగుల దూరంలో నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. మొబైల్ డేటా ఆపడం మరిచిపోవద్దు. కట్టిన ప్లానుకు దగ్గరగా వస్తే లైను బాగున్నట్టే. అక్కడే వేగం లేకపోతే? మెష్ పెట్టినా ఒరిగేదేం ఉండదు. లేని వేగాన్ని అది పుట్టించలేదు. ముందు నెట్‌వాళ్లకు ఫోన్ చేయాలి.

తర్వాత ప్రతి గదిలో నిలబడి అదే పరీక్ష. ఓ కాగితం మీద ఇంటి పటం గీసి అంకెలు రాసుకుంటే ఇంకా మంచిది. ఎక్కడ బాగుంది, ఎక్కడ సగమైంది, ఎక్కడ చచ్చిపోయింది... పటం మీద గీతలా కనిపిస్తుంది. ఆ 'సగమైన' చోటును గుర్తుపెట్టుకోండి. దానితో ముందు ముందు పనుంది.

చాలా ఇళ్లలో ఇక్కడే సగం రోగం బయటపడుతుంది. డబ్బా టీవీ వెనకుంటుంది. లేదంటే చెప్పుల స్టాండు మీద, మరీ ముచ్చటపడ్డవాళ్ల ఇంట్లో చెక్క కబోర్డులో తలుపు మూసి! దాన్ని బయటికి తీసి, ఛాతీ ఎత్తున, ఇంటి మధ్యకు తెస్తే కొందరికి మెష్ అవసరమే ఉండదు. రెండు పడగ్గదుల ఫ్లాటుకు చాలాసార్లు ఇదే చాలు. అయితే ఫైబర్ తీగను సొంతంగా లాగొద్దు. లోపలుండేది వెంట్రుకంత గాజుపోగు. ముడివేసినట్టు వంచితే వెలుతురు ఆగిపోతుంది. లైన్‌మన్‌ని పిలిచి జరిపించుకోవడమే మేలు.

కొందరు ముందుగా ఎక్స్‌టెండర్ కొంటారు. ప్లగ్గులో పెట్టే చిన్న ముక్క, ధర తక్కువ. అదీ సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపేదే. కానీ చాలావాటికి వేరే పేరు ఉంటుంది. పైగదిలో ఒక పేరు, కిందగదిలో మరో పేరు. ఫోనేమో పట్టుకున్న పేరును ఓ పట్టాన వదలదు. కిందికి దిగినా పైదాన్నే పట్టుకుని వేలాడుతుంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మెట్లు దిగామా... కాల్ కట్! ఒక్క మూలగదికి, ఎప్పుడో ఓసారి వాడుకోవడానికైతే సరే. రోజూ పనిచేసుకునే ఇంటికి మాత్రం ఇది అరకొర సర్దుబాటే.

కాకతీయులకు తెలిసిన కిటుకు

మెష్‌లో రెండు మూడు డబ్బాలుంటాయి. ఒకటి ప్రధానం, మోడెమ్‌కు కలిపేది. మిగతావి ఉపకేంద్రాలు. అన్నిటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. ఒకదాని నుంచి ఇంకోటి అందుకుంటూ, పంచుకుంటూ ఇల్లంతా అల్లుకుంటాయి. ఫోన్ పట్టుకుని నడుస్తుంటే దగ్గర్లో ఉన్న డబ్బాకు మారమని ఫోనుకు సైగ చేస్తాయి. చివరికి మారాలా వద్దా అన్నది ఫోను ఇష్టమే అయినా, సాధారణంగా మాట వింటుంది.

వరంగల్ వాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు ఇలాగే కదా! పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. అది నిండితే దాని కిందిది. ఒక్క పెద్ద చెరువుతో సరిపెట్టకుండా ఊరూరికీ నీళ్లు అందించిన ఏర్పాటు అది. అందులోని నియమాలే ఇక్కడా వర్తిస్తాయి. పై చెరువులో నీళ్లు లేకపోతే కిందిదీ ఎండుతుంది. పై నీళ్లు పారి రాని చోట చెరువు తవ్వితే అది ఉత్త గుంతే.

ఈ పద్ధతి ఇళ్లలోకి రాకముందే ఊళ్లలో పనిచేసింది. 2005 ఫిబ్రవరిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని ధర్మశాలలో అక్కడి టిబెటన్ సంస్థలను కలుపుతూ కొండల మధ్య వైర్‌లెస్ మెష్ వేశారు. ఇంట్లో వాడే తరహా డబ్బాలు 2016లో అమెరికాలో 'ఈరో' కంపెనీ పేరుతో పేరుపొందాయి. అదే ఏడాది చివర్లో గూగుల్, ఆ తర్వాత టీపీలింక్ లాంటి సంస్థలూ రంగంలోకి దిగాయి.

ఒక ఇంటికి ఇద్దరు పెద్దలా?

ఇక అసలు విషయం. కొత్త మెష్ తెచ్చాం. పాత మోడెమ్‌ని ఏం చేయాలి? పారేయకూడదు! ఫైబర్‌లో వచ్చే వెలుతురుని మన యంత్రాలకు అర్థమయ్యే సంకేతంగా మార్చేది అదొక్కటే. మెష్ డబ్బాలకు ఫైబర్ తీగ పెట్టుకునే చోటే ఉండదు సాధారణంగా.

నిజానికి గోడకున్న ఆ డబ్బా ఒక్కటే మూడు ఉద్యోగాలు చేస్తుంది. వెలుతురుని మార్చడం మొదటిది... అది మోడెమ్ పని. ఇంట్లోని ప్రతి ఫోనుకూ, టీవీకీ ఓ అంతర్గత చిరునామా ఇచ్చి, ఎవరి ఉత్తరం వాళ్లకు చేర్చడం రెండోది... అది రౌటర్ పని. గాల్లోకి వైఫై వదలడం మూడోది. కొత్తగా తెచ్చిన మెష్‌కు రెండోదీ, మూడోదీ వచ్చు. వదిలేస్తే రెండూ పెత్తనం చేస్తాయి. దీన్నే 'డబుల్ నాట్' అంటారు. వీడియోలు చూడ్డానికి, వాట్సాప్‌కీ ఇబ్బంది తెలియదు. పాత వైఫై మీదున్న ప్రింటరు కొత్త వైఫై మీదున్న ల్యాప్‌టాప్‌కు కనిపించదు. ఆన్‌లైన్ గేములు మొరాయిస్తాయి. కొన్ని ఆఫీసుల వీపీఎన్‌లు అలుగుతాయి. ఇంటిపెద్ద ఒక్కరే ఉండాలన్నది ఇక్కడ అక్షరాలా నిజం.

అందుకు దారులు రెండు.

మొదటిది తేలిక. పెత్తనం పాత డబ్బాకే ఉంచేసి, మెష్‌ని 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లోకి మార్చడం. మెష్ యాప్‌లోనే ఆ మీట ఉంటుంది. అప్పుడు మెష్ వైఫై పంచడం ఒక్కటే చూసుకుంటుంది. నెట్‌వాళ్లను అడగాల్సిన పనిలేదు. పిల్లల ఫోన్లకు వేళలు పెట్టడం లాంటి కొన్ని సదుపాయాలు మాత్రం కొన్ని కంపెనీల మెష్‌లలో ఈ పద్ధతిలో పనిచేయవు. చాలా కుటుంబాలకు ఇదే సరైన దారి.

రెండోది, పాత డబ్బాని 'బ్రిడ్జ్' మోడ్‌లో పెట్టించడం. అప్పుడది వెలుతురుని మార్చి ఊరుకుంటుంది. పెత్తనమంతా మెష్‌దే. దీనికి నెట్‌వాళ్ల సాయం కావాలి. పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డు అడిగి రాసుకోవాలి. కొన్ని లైన్లకు వీల్యాన్ అనే అంకె కూడా అవసరమవుతుంది. అదివ్వకపోతే ఎంతసేపు కుస్తీ పట్టినా కనెక్షన్ రాదు. కొన్ని సంస్థలు బ్రిడ్జ్‌కు ఒప్పుకోవు కూడా. ఇంకోటి... ల్యాండ్‌లైన్ ఫోను ఆ డబ్బాకే తగిలించి ఉంటే, బ్రిడ్జ్ చేశాక అది మూగబోతుందేమో ముందే అడిగి తెలుసుకోవాలి. తాతగారికి దగ్గరివాళ్లంతా ఇంకా ఆ నంబరుకే చేస్తుంటారు మరి!

తీగ పెట్టాం... తర్వాత?

బిగించడం అరగంట పని. ముందు పాత మోడెమ్‌కు కరెంటు ఆపి రెండు నిమిషాలు ఆగాలి. దాని వెనక 'ల్యాన్' అని రాసి ఉన్న రంధ్రంలో తీగ ఒక కొస, మెష్ ప్రధాన డబ్బాకు 'వ్యాన్' లేదా 'ఇంటర్నెట్' అని ఉన్న రంధ్రంలో మరో కొస. తీగ పెట్టెలోనే వస్తుంది. మోడెమ్ ఆన్ చేసి లైట్లు నిలకడగా వెలిగేదాకా చూడాలి. 'ఎల్ఓఎస్' దగ్గర ఎర్రలైటు మిణుకుమంటే ఫైబర్‌లో వెలుతురే రావట్లేదని అర్థం. అప్పుడు మెష్ సంగతి పక్కన పెట్టి లైన్‌మన్‌కు ఫోన్ చేయాలి. అంతా బాగుంటే మెష్‌కు కరెంటు ఇచ్చి, ఫోన్లో ఆ కంపెనీ యాప్ దింపుకోవాలి. బ్లూటూత్, లొకేషన్ అడుగుతుంది, ఇవ్వాలి. మోడెమ్‌దే పెత్తనమైతే కనెక్షన్ రకం దగ్గర 'డైనమిక్ ఐపీ', బ్రిడ్జ్ అయితే 'పీపీపీఓఈ' ఎంచుకోవాలి.

తర్వాత పేరు అడుగుతుంది. ఇక్కడో చిట్కా ఉంది. కొత్త పేరు పెట్టకుండా పాత వైఫై పేరూ, పాత పాస్‌వర్డే ఇచ్చేయండి. ఇంట్లోని ఫోన్లు, టీవీ, కెమెరా... అన్నీ ఏం జరిగిందో తెలియనట్టే వచ్చి కలుస్తాయి. లేకపోతే ఒక్కొక్కదానికీ పాస్‌వర్డు కొట్టుకుంటూ కూర్చోవాలి. టీవీ రిమోట్‌తో పాస్‌వర్డు కొట్టినవాళ్లకే తెలుస్తుంది ఆ కష్టం! అయితే ఇలా చేసేముందు పాత మోడెమ్ వైఫైని ఆపేయడం తప్పనిసరి. బ్రౌజర్‌లో దాని చిరునామా (చాలావాటికి 192.168.1.1) కొడితే పేజీ తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లే వివరాలు డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. అక్కడే వైఫైని ఆఫ్ చేయొచ్చు. ఆ పని మీదే వెళ్లాం కాబట్టి, కంపెనీ వాళ్లిచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌నీ మార్చేయడం మంచిది. ఎప్పుడైనా లైన్‌మన్ వచ్చి మోడెమ్‌ని రీసెట్ చేసి వెళితే పాత వైఫై మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఆ మర్నాటి నుంచి 'మళ్లీ నెట్ ఆగుతోంది' అంటే ముందుగా చూడాల్సింది దాన్నే.

బుల్బులు, చవకరకం కెమెరాల లాంటివి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి. భద్రత దగ్గర 'డబ్ల్యూపీఏ3 మాత్రమే' అని పెడితే పాత ఫోన్లు బయటే నిలబడతాయి. 'డబ్ల్యూపీఏ2, 3 రెండూ' అన్నది సర్దుబాటు మార్గం. చుట్టాలకు, పక్కింటివాళ్లకు ఇవ్వడానికి 'గెస్ట్' పేరు వేరేగా పెట్టుకోవచ్చు.

ఉపకేంద్రం ఎక్కడ?

నూటికి తొంభైమంది తప్పు చేసేది ఇక్కడే అన్నా అతిశయోక్తి కాదు. సిగ్నల్ చచ్చిపోయిన గదిలోనే రెండో డబ్బా పెట్టేస్తారు. ఫోన్లో వైఫై గీతలు నిండుగా కనిపిస్తాయి. నెట్ మాత్రం నడవదు! ఆ గీతలు చెప్పేది ఫోనుకూ దగ్గర్లోని డబ్బాకూ మధ్య బంధం గురించే. ఆ డబ్బాకే సిగ్నల్ అందకపోతే అది పంచేదేముంది? పై నీళ్లు రాని గుంత సంగతి చెప్పుకున్నాం కదా... అదే ఇది. ఇంటి పటంలో 'సగమైన' చోటును గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. రెండో డబ్బా స్థానం అక్కడ, లేదా దానికి కాస్త ఇవతల. మేడ ఇళ్లలో అది సాధారణంగా మెట్ల మలుపు దగ్గరో, మెట్లు దిగిన చోటో అవుతుంది.

గాలిలో గొలుసు కడితే ఓ నష్టం తప్పదు. చవకరకం ఉపకేంద్రం ఒకే నోటితో అటు వినాలి, ఇటు చెప్పాలి. కాబట్టి ఒక్కో మజిలీకి వేగం రమారమి సగమవుతుంది. మూడు రేడియోలున్న ఖరీదైన రకాలు ఆ నష్టాన్ని తగ్గిస్తాయి. ఇంకా మంచి మార్గం చవకైంది... తీగ! పై డబ్బా నుంచి కింది డబ్బాకు క్యాట్6 కేబుల్ లాగేస్తే శ్లాబూ, గోడా, చువ్వలూ ఏవీ అడ్డురావు. వంద మీటర్ల దాకా లాగొచ్చు. పాత కేబుల్ టీవీ పైపు గోడలో ఉంటే అందులోంచే దూర్చవచ్చు. లేదంటే బయటి గోడ వెంట... అందుకు ఎండకూ వానకూ తట్టుకునే రకం తీసుకోవాలి. అల్యూమినియానికి రాగిపూత పూసిన కేబుల్ తక్కువకు దొరుకుతుంది, దాని జోలికి పోవద్దు. బిగించాక ప్లాను మూడొందలున్నా వేగం 94 దగ్గరే ఆగిపోతుంటే కేబుల్‌లో ఏదో ఒక జత తెగిందనో, ఒక కొసనున్న రంధ్రం పాతతరందనో అనుమానించాలి.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు ప్రతి గదికీ కరెంటు పైపుతో పాటు విడిగా ఓ ఖాళీ పైపు వేయించుకుంటే చాలు. అప్పుడయ్యే ఖర్చు తర్వాత గోడలు చెక్కించే ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

ఎన్ని డబ్బాలు కావాలి? రెండంతస్తుల ఇంటికి చాలావరకు రెండు. అమ్మేవాళ్లు మూడింటి సెట్టు చూపించి తొందరపెడతారు. ఎక్కువైతే అవి ఒకదాని మాటలో ఒకటి దూరి గొడవపడతాయి. రెండు కొని, చాలకపోతేనే మూడోది.

మరిచిపోయే విషయం ఇంకోటుంది... కరెంటు. మోడెమ్ ఇన్వర్టర్ మీదుంటుంది, ఉపకేంద్రం మామూలు ప్లగ్గులో ఉంటుంది. కరెంటు పోగానే పైన నెట్ ఉంటుంది, కింద పోతుంది. నెట్‌వాళ్లను తిడతారు! గొలుసులోని ప్రతి డబ్బాకూ బ్యాకప్ ఉండాలి. ఇందుకు చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కొనేముందు డబ్బా అడాప్టర్ మీద 9 వోల్టులో 12 వోల్టులో, ఎన్ని ఆంపియర్లో చూసుకుని సరిపోయేదే తీసుకోవాలి.

హన్మకొండ ఇంట్లో ఈ పనంతా ఒక్క ఆదివారం పొద్దున అయిపోయింది. పాత డబ్బా పైగదిలోనే ఉండిపోయింది, దాని వైఫై ఆగింది. దాని పక్కనే మెష్ ప్రధాన డబ్బా. రెండోదాన్ని కొడుకు నేరుగా నాయనమ్మ గదిలో పెట్టబోయాడు. యాప్‌లో ఎర్రచుక్క. మెట్లు దిగిన చోట, సరిగ్గా ప్లాస్టిక్ కుర్చీ ఉన్న దగ్గరకు తెస్తే ఆకుపచ్చ. అక్కడ గోడకు ప్లగ్గు లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి పెట్టేదాకా ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆ బాక్సు మీద బట్టలారేసుకోకుండా కాపలా కాయడం కోడలి వంతయింది.

ఆ రాత్రి తొమ్మిదింటికి డాలస్ నుంచి ఫోనొచ్చింది. నాయనమ్మ అలవాటుగా లేచి మెట్ల దగ్గరికి బయల్దేరింది. కుర్చీ లేదక్కడ, డబ్బా ఉంది. 'గీడెందుకు పెట్టిండ్రు, నా కుర్చేది?' అంది. చేయి పట్టుకుని మళ్లీ మంచం దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది. మనవరాలు చూపించాలనుకున్నది ఈసారి పూర్తిగా కనిపించింది... సకినాలు! తొలిసారి చేసిందట, చుట్లు సరిగ్గా రాలేదు. ఎక్కడ పిండి పలచనైందో, ఎట్లా తిప్పాలో నాయనమ్మ వేళ్లతో గాల్లో చూపిస్తూ ముప్పావుగంట చెప్పింది.